పెద్దలింట్లో చిన్నది

తెరమీద ముసలమ్మలు చప్పట్లు కొడుతున్నారు. మోకాళ్ల మీద ఒకటి, రెండు చేతులూ కలిపి ఒకటి, పక్కావిడ అరచేతికి ఒకటి. వాళ్లందరి గొంతుల మీదా బోరమ్ గొంతు ఎగిరెగిరి పడుతోంది. తరగతి గదిలో దీపాలు ఆర్పేశారు కనుక తన చెవులు ఎర్రబడిన సంగతి ఎవరికీ తెలియదని ఆమె ధైర్యం.

ప్యో ప్రొఫెసరు బొమ్మ ఆపేశాడు.

"అందరూ కళ్లు మూసుకోండి. ఇప్పుడు వినండి."

మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. పాట, చప్పట్లు, ఎవరిదో దగ్గు. వాటన్నిటి అడుగున గిన్నెలు. కుళాయి నీళ్లు, స్టీలు గిన్నె మీద స్టీలు గిన్నె, ఒక మూత జారిపడి గిరగిరా తిరిగి ఆగడం. వీడియో తీసేటప్పుడు ఆ చప్పుడు బోరమ్ చెవిన పడనే లేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

"ఎవరది?"

"వంటింట్లో పెద్దమ్మండి. ఆ ఇంటికి ఆవిడే చిన్నది. మధ్యాహ్నం అందరికీ ఆవిడే వండుతుంది."

"వయసెంత?"

"డెబ్బై రెండు."

వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. వాళ్లంతా ఇరవై దాటనివాళ్లు. బోరమ్‌లా పసిదాన్ని అత్తగారి చేతిలో పెట్టి బస్సెక్కి వచ్చేవాళ్లు ఆ తరగతిలో ఇంకెవరూ లేరు. ప్రొఫెసరు నవ్వలేదు.

"చూడండి, ఆటలు నేర్పించడానికి మన శాఖ అక్కర్లేదు. టీవీ చాలు. మనం చదివేది తీరికను గురించి. తీరిక ఉన్నవాళ్లని ఎవరైనా ఆడిస్తారు. ఆ గదిలో తీరిక లేని మనిషి ఎవరో చూడగలగాలి, ఆ మనిషి చెయ్యి పట్టి తీసుకురాగలగాలి. శుక్రవారం నేను స్వయంగా వస్తున్నాను, బోరమ్. ఆ గిన్నెల చప్పుడు నాకు వినపడకూడదు."

బోరమ్ తలూపింది. పోయినేడు సరిగ్గా ఈ ప్రాక్టికల్ రోజునే కూతురు దాన్బీకి జ్వరం వచ్చి ఆసుపత్రిలో కూర్చుంది. ఈసారీ తప్పితే ఇక చదువు చాలించడమే అని తనకు తానే చెప్పుకుంది. పాసైతే జిల్లా ఆరోగ్య కేంద్రం వాళ్లు వారానికొక క్లాసు ఇస్తామన్నారు. అందరూ టీచరమ్మా అని పిలిచే పని.

వీధిలోని ముసలమ్మలంతా పగలు చేరే పెద్దలింటి గుమ్మంలో చెప్పులు వరసగా ఉన్నాయి. ఒకేరకం ఊదారంగు చెప్పులు కనుక, గుర్తుకి ఒకరు బొత్తాం కుట్టుకున్నారు, ఒకరు ఎర్రదారం కట్టుకున్నారు. లోపల కిందినుంచి వేడిచేసిన నేలమీద దుప్పటి పరిచి ముసలమ్మలు పూల పేకముక్కలు ఆడుతున్నారు. నేల అన్నిటికంటే వెచ్చగా ఉండే మూల ఆ ఇంటి ప్రెసిడెంటమ్మది. ఆవిడ ముక్క విసిరితే దుప్పటి మీద చెంపదెబ్బ కొట్టినట్టు మోగుతుంది.

వంటింట్లో యోంగ్నే పెద్దమ్మ పీట మీద కూర్చుని మొలకల తోకలు తుంచుతోంది. చూడకుండానే తుంచుతోంది. గోరు తగలడం, తోక కిందపడటం, మొలక గిన్నెలో పడటం.

"పెద్దమ్మా, శుక్రవారం మీరూ బయటికి వచ్చి ఆడాలి."

"నేనా? మరి పులుసెవరు మరగపెడతారు, మీ ప్రొఫెసరా?"

"నిజంగా చెప్తున్నా. మీరు రాకపోతే నాకు మార్కులు పడవు."

పెద్దమ్మ చేతులు ఆగాయి. "నీ మార్కులు నా పులుసులో ఉన్నాయా! బాగుందే చదువు." మళ్లీ తుంచడం మొదలుపెట్టింది. కాసేపాగి, గొంతు తగ్గించి, "ఆ రుమాలు ఆట ఉందే, పాట ఆగగానే రుమాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లేచి ఎగరాలి. అది బాగుంటుంది," అంది.

"మీరెప్పుడు చూశారు?"

"చూడటం ఎక్కడ. కేకలు వింటే తెలియదూ? గమ్నే అక్క చేతికి వస్తే ఆవిడ లేవదు, అందరూ లేవదీస్తారు. అప్పుడు నవ్వులు."

"చిన్నదానా! మంచినీళ్లు!" గదిలోంచి ప్రెసిడెంటమ్మ.

"ఇదిగో అక్కా!" పెద్దమ్మ అప్పటికే లేచింది. ఒక చేయి నడుం మీద, ఒక చేయి గ్లాసు మీద.

అరవై అయిదు నిండితేగాని ఆ ఇంట్లో పేరు రాయరు. పేరు రాసుకున్నవాళ్లలో అందరికంటే చిన్నది వండాలి, వడ్డించాలి, తోమాలి. ఎవరూ పెట్టిన నియమం కాదది. వెనక ఇంకో చిన్నది వచ్చేదాకా అంతే. యోంగ్నే పెద్దమ్మ వెనక ఎవరూ రాలేదు. ఒకరిద్దరు వచ్చి, ఒక పూట కూర్చుని, ఆవిడ చేతులు చూసి మళ్లీ రాలేదు.

బోరమ్ వెళ్లి ప్రెసిడెంటమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆవిడ ముక్కల్లోంచి తలెత్తకుండానే అంతా విన్నది.

"ఆడనీ. మేం వద్దన్నామా? కాళ్లకి తాడు కట్టామా? అన్నం మాత్రం పన్నెండింటికి పడాలి. షుగరు మాత్ర వేసుకున్నాక ఆలస్యమైతే నాకు గది గుండ్రంగా తిరుగుతుంది."

"ఒక్కపూట హోటలు నుంచి నూడుల్స్ తెప్పిస్తాను మామ్మా."

"అవి నమలడానికి నా పళ్లు నీ దగ్గరున్నాయా?"

దుప్పటి చుట్టూ నవ్వులు. చెవి సరిగా వినపడని గమ్నే మామ్మ అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వింది.

"వండే చేతుల్ని తెచ్చుకో," అంది ప్రెసిడెంటమ్మ, ముక్క ఎత్తి. "నీ చిన్నదాన్ని పట్టుకుపో." టప్పున కొట్టింది.

ఆ సాయంత్రం అత్తగారు పిల్సున్ నేలమీద కూర్చుని దాన్బీ నోట్లో ముద్దలు పెడుతోంది. అన్నం ఎండు సముద్రపు నాచులో చుట్టి, బొటనవేలంత చేసి, పిల్ల నోరు తెరిచినప్పుడల్లా ఒకటి. బోరమ్ పక్కన చేరి దుస్తులు మడతపెడుతూ సంగతి చెప్పింది. నాలుగు జతలు మడతపెట్టేలోపు రెండుసార్లు చెప్పింది.

"ఆడుకోడానికి కాలేజీ అన్నావు, సరే అన్నాను," అంది పిల్సున్. "ఆడించడానికి పరీక్ష అన్నావు, సరే అన్నాను. ఇప్పుడు పరీక్షకి వంట కూడానా?"

"ఒక్కపూటే అత్తమ్మా. నాకు ఇంకెవరున్నారు?"

"శుక్రవారం పొద్దున నాకు పనుంది."

"ఏం పని?"

"ఉంటుందిలే. నాకు పనులుండవా?" దాన్బీ మూతి తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. "ఎంతమందికి?"

బోరమ్ ఊపిరి పీల్చుకుంది. ఆ పనేమిటో మళ్లీ అడగలేదు. అడిగితే అత్తగారి మనసు మారుతుందేమోనని భయం.

"ఒక్క మాట," అంది పిల్సున్. "అక్కడ నా సంగతులేమీ చెప్పకు. దాన్బీ నాయనమ్మ, సాయానికి వచ్చింది, అంతే. అర్థమైందా?"

"చెప్పను అత్తమ్మా."

శుక్రవారం ప్రొఫెసరు అనుకున్న వేళకంటే ముందే వచ్చాడు. చెప్పులు విప్పి గోడవారన కూర్చుని, పెన్ను తీశాడు. యోంగ్నే పెద్దమ్మ ముసలమ్మల మధ్య కూర్చుంది. ఆవిడ ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుంది. వంటింటి తలుపు కదిలినప్పుడల్లా లేవబోయింది. పక్కావిడ కొంగు లాగినట్టు చొక్కా పట్టుకు లాగి కూర్చోపెట్టింది.

బోరమ్ పాట ఎత్తుకుంది. రుమాలు ఒక చేతినుంచి ఇంకో చేతికి పాకింది. పాట ఆపింది. గమ్నే మామ్మ. ఆవిడ లేవనంది, అందరూ లేవదీశారు, నవ్వులు. మళ్లీ పాట. మళ్లీ ఆపింది. రుమాలు యోంగ్నే పెద్దమ్మ చేతిలో ఉంది.

పెద్దమ్మ రుమాలు వంక చూసింది. లేచింది. ఒక్క క్షణం వంటింటి వైపు చూసి, కళ్లు మూసుకుని, భుజాలు కదిపింది. ముందు భుజాలే. తర్వాత మోచేతులు, మణికట్లు. పాదాలు నేలని రాసుకుంటూ, ఎత్తకుండా, చుట్టూ తిరిగింది. రుమాలు ఆవిడ వేళ్ల చివర నీళ్లమీద ఆకులా ఊగింది. బోరమ్ పాట మరిచిపోయింది. ముసలమ్మలే అందుకున్నారు. ప్రెసిడెంటమ్మ పళ్లెం బోర్లించి దరువు వేసింది.

"ఓసినీ! ఇదంతా ఎక్కడ దాచావే చిన్నదానా?"

"బియ్యం డబ్బాలో!" కళ్లు తెరవకుండానే అంది పెద్దమ్మ. గది ఘొల్లుమంది. ప్రొఫెసరు పెన్ను పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

వంటింట్లోంచి చిన్న చప్పుడైనా రాలేదు. తర్వాత బోరమ్ లోపలికి వెళ్తే తెలిసింది. పిల్సున్ తొట్టి అడుగున తడిగుడ్డ పరిచి, గిన్నెల మధ్య గుడ్డలు పెట్టి తోముతోంది. కుళాయి సన్నగా, దారంలా వదిలింది.

"అయిందా?" అంది.

"అయింది అత్తమ్మా. చాలా బాగా అయింది."

"అయితే బల్లలు వెయ్యి. అన్నం చల్లారుతుంది."

ఎండుచేపల పులుసు, ముల్లంగి కూర, కొత్త కిమ్చీ పచ్చడి. కాసేపు చెంచాల చప్పుడే వినిపించింది. ప్రెసిడెంటమ్మ గిన్నె ఎత్తి పులుసు చివరిదాకా తాగింది. ప్రొఫెసరు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. యోంగ్నే పెద్దమ్మ నుదుటి చెమట ఇంకా ఆరలేదు.

"ఈ పులుసెవరిదే, టీచరమ్మా?" అంది ప్రెసిడెంటమ్మ. టీచరమ్మా అని ఆవిడ పిలవడం అదే మొదటిసారి.

"మా అత్తగారిదండీ."

గరిటె పట్టుకుని వచ్చిన పిల్సున్‌ని అందరూ తేరిపార చూశారు.

"అత్తగారా! అక్కలా ఉంటేనూ! అరవై కూడా నిండినట్టు లేదు."

బోరమ్ ఒళ్లంతా తేలిపోతోంది. ప్రొఫెసరు నవ్వుతున్నాడు, ముసలమ్మలు నవ్వుతున్నారు, పాట ఇంకా ఆమె గొంతులోనే ఉంది.

"అయ్యో లేదండీ, కుక్క సంవత్సరంలో పుట్టారు! ఈ వసంతంలోనే అరవై అయిదు నిండాయి. ఎవరూ నమ్మరు!"

అనేసింది. అన్న తర్వాత పిల్సున్ చేతిలో గరిటె కనిపించింది. గరిటెలో పులుసు అంచుదాకా వచ్చి ఆగింది.

"కుక్క సంవత్సరం," అంది ప్రెసిడెంటమ్మ నెమ్మదిగా, వేళ్లమీద లెక్కేసుకుంటూ. "ఏ వీధమ్మా మీది?"

"వంతెన పక్కనే అక్కా," అంది పిల్సున్.

"మన వీధేగా! మరి పేరు రాయించుకోలేదేం? ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు?"

"పసిపిల్ల ఉందండి..."

"బడికి పోతుందిగా పొద్దున. మేం లేమూ? ఇంత చేతిరుచి పెట్టుకుని ఇంట్లో కూర్చుంటావా?"

"ఇంకొంచెం పులుసు కావాలి," అంది గమ్నే మామ్మ, ఏమీ వినపడక.

యోంగ్నే పెద్దమ్మ అలవాటుగా సగం లేచింది. పిల్సున్ వంక చూసింది. చీపురుకట్ట చేతికిచ్చి ఎవరో తిరిగి తీసుకున్నట్టు ఆవిడ మొహం ఒక్క క్షణం వెలితిగా అయింది. తర్వాత మెల్లగా, మోకాలు పట్టుకుని, మళ్లీ కూర్చుంది. చెంచా తీసుకుని అన్నం తినసాగింది.

గమ్నే మామ్మ గిన్నె పిల్సున్ అందుకుంది.

బయట చెప్పులు వేసుకుంటూ ప్రొఫెసరు, "చూశావా," అన్నాడు బోరమ్‌తో. "ఒక మనిషి బయటికొస్తే ఇల్లంతా ఎలా మారిపోయిందో! ఇది కదా నేను చెప్పేది." ఆమె వంగి నమస్కరించింది. తలెత్తేసరికి ఆయన కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంటి గుమ్మంలో పిల్సున్, "నీ మార్కులు నీకొచ్చాయిగా," అంది. అంతే.

మర్నాడే ప్రెసిడెంటమ్మ ఫోను. సోమవారం పిల్సున్ మొహమాటానికి ఒక పూట వెళ్లింది. మంగళవారం, నిన్న వచ్చి ఇవాళ రాకపోతే ఏమనుకుంటారని వెళ్లింది. ఆ సాయంత్రం బోరమ్ బస్సు దిగి వచ్చేసరికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ఎర్రటి బూట్లు, నుదుటికి చెమటపట్టీ.

"నువ్వు కోడలివా? నేను మాల్జాని. మీ అత్తేది? శుక్రవారం రాలేదు, సోమవారం రాలేదు, ఇవాళా రాలేదు. జోడీ లేక నేను గోడకేసి కొట్టుకుంటున్నా!"

"ఏం కొట్టుకుంటున్నారండీ?"

"బంతమ్మా, బంతి! పింగ్‌పాంగు. మార్కెట్టు వెనక మేడకింద. ఎడంచేత్తో తిప్పికొట్టిందంటే కుర్రాళ్లు కూడా తీయలేరు. నీకు చెప్పలేదూ?" మాల్జా నవ్వబోయి, బోరమ్ మొహం చూసి ఆగింది. "దాని రాకెట్టు మీద దుమ్ము పడుతోందని చెప్పు. నేను వచ్చానని చెప్పు."

బోరమ్ చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారి ఎడంచెయ్యి వంక చూస్తూ కూర్చుంది. ఆ చేత్తో ఆమె దాన్బీ చెంచా పట్టుకుంటుంది, తలుపు గొళ్లెం తీస్తుంది, కిమ్చీ కోస్తుంది. ఇన్నాళ్లూ ఆ చెయ్యి తన కళ్లముందే తిరిగింది. తీరిక అంటే ఏమిటని పరీక్షలో వచ్చిన ప్రశ్నకి బోరమ్ రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది.

బుధవారం ఆమె మొదటి క్లాసు. ఆరోగ్య కేంద్రం వాళ్లు అదే పెద్దలిల్లు ఇచ్చారు. ప్రెసిడెంటమ్మే ఫోను చేసి అడిగిందట, మా టీచరమ్మే కావాలని. గుమ్మంలో ఊదారంగు చెప్పుల చివర కొత్త జత ఒకటి ఉంది. దాని మీద ఇంకా ఏ గుర్తూ కుట్టలేదు.

యోంగ్నే పెద్దమ్మ దుప్పటి దగ్గర కూర్చుని ఉంది. జుట్టుకి నల్లరంగు వేయించుకుంది. చేతిలో పేకముక్కలు కొత్తగా పట్టుకునేవాళ్లలా విసనకర్రలాగా పరిచి పట్టుకుంది.

"రా టీచరమ్మా, రా! ఇవాళ రుమాలు ఆటేనా?" అని, అదే ఊపులో తల వెనక్కి తిప్పి, "చిన్నదానా, టీచరమ్మకి మంచినీళ్లు!" అంది.

గొంతులో కరుకుదనమేమీ లేదు. ముద్దుగానే పిలిచింది.

"వస్తున్నా అక్కా," అంది వంటింట్లోంచి పిల్సున్.

బోరమ్ గబగబా వంటింట్లోకి వెళ్లింది. పిల్సున్ గ్లాసు కడుగుతోంది. బోరమ్ చొక్కా చేతులు పైకి మడిచి తొట్టి దగ్గరికి వచ్చింది.

"ఇటివ్వండి అత్తమ్మా, నేను చేస్తాను. మీరెళ్లి కూర్చోండి."

"టీచరమ్మ వంటింట్లోకేమిటి?" గదిలోంచి ప్రెసిడెంటమ్మ. "బయటికి రా! మేమంతా కూర్చున్నాం, వేళ అవుతోంది!"

"వెళ్లు," అంది పిల్సున్. "పిలుస్తున్నారు."

"అత్తమ్మా..."

"వెళ్లమన్నానా. నిన్ను చూసి నన్ను గౌరవిస్తున్నారు, నన్ను చూసి నిన్ను పిలుస్తున్నారు. అది పాడుచేయకు."

బోరమ్ గదిలోకి వచ్చి పాట ఎత్తుకుంది. మోకాళ్ల మీద ఒకటి, చేతులు కలిపి ఒకటి. యోంగ్నే పెద్దమ్మ అందరికంటే గట్టిగా పాడింది. బోరమ్ కూడా గట్టిగా పాడింది, అవసరమైనదానికంటే గట్టిగా. అయినా పాటకీ పాటకీ మధ్య ఆపక తప్పలేదు, వంటింటి కుళాయి వినక తప్పలేదు.

క్లాసయ్యాక అత్తాకోడళ్లు కలిసి ఇంటికి నడిచారు. వంతెన కింద నీళ్లు తగ్గి రాళ్లు తేలాయి. పిల్సున్ చేతిలో మిగిలిన కూర సంచి ఉంది. నీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"అత్తమ్మా, మాల్జా గారు వచ్చారు నిన్న."

పిల్సున్ నడక మారలేదు. "ఏమంది?"

"మీరు బాగా ఆడతారంది."

"ఏం బాగో. సగం సేపు బంతి ఏరుకోవడమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? పాఠంలోకి ఎక్కించేసేదానివి. వీడియో తీసేదానివి." నవ్వింది. నవ్వు తొందరగా అయిపోయింది. "నా ఒక్కదానికే ఉండనీ అనుకున్నాను."

బోరమ్ ఆగిపోయింది. "రేపట్నుంచి మీరు రారని నేను చెప్తాను. నేనే చెప్తాను."

"చెప్పి? వచ్చే బుధవారం ఏ మొహంతో పాట పాడతావు వాళ్ల ముందు? ఆ క్లాసు కోసమేగా ఇదంతా." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "పద, పిల్లని తీసుకురావాలి. అయినా ఇదేమైనా కలకాలమా?"

వీధి మలుపులో ఉండే హేసూక్ కనిపించింది. వాకిట్లో తాడు కట్టి, చెక్కు తీసిన నారింజరంగు పెర్సిమన్ పళ్లు ఎండకి వేలాడదీస్తోంది. వీళ్లని చూసి చెయ్యూపింది.

పిల్సున్ గొంతు ఒక్కసారిగా మారింది. బోరమ్ ఎన్నడూ వినని హుషారు వచ్చింది అందులోకి.

"ఏమే హేసూక్! నువ్వు పుట్టింది పంది సంవత్సరం కదూ? వచ్చే ఏడు అరవై అయిదు నిండుతాయిగా నీకు!"

"అప్పుడే గుర్తుచేయకు అక్కా! ముసలిదాన్నయిపోయా."

"ముసలేమిటే! నిండగానే పెద్దలింటికి రా, ఆడుకుందాం. ఇంట్లో ఒక్కదానివీ గోడలు చూసుకుంటూ ఏం చేస్తావు? మా కోడలే క్లాసు చెప్పేది. ఏం నవ్వులనుకున్నావు! ఇప్పట్నుంచే అప్పుడప్పుడూ వస్తూ ఉండు, అలవాటవుతుంది."

హేసూక్ తడిచేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. భర్త పోయాక ఆవిడ వాకిట్లోనే ఎక్కువసేపు కనిపిస్తోంది. బోరమ్ వైపు తిరిగింది.

"నిజమేనా టీచరమ్మా? నాకు పాటలంటే ఇష్టమే. నాలాంటిదాన్ని కలుపుకుంటారా? సరదాగా ఉంటుందా?"

పిల్సున్ కోడలి వంక చూడలేదు. వేలాడుతున్న పళ్ల వంక చూస్తోంది.

బోరమ్ నోరు తెరిచింది. ఏమి చెప్పాలో తెలుసు. రెండు మాటలు చాలు. హేసూక్ మొహం ఆశగా ఆమె మొహంలోకి చూస్తోంది.

"రండి పిన్నీ," అంది బోరమ్. "అందరూ ఉంటారు. చాలా సరదాగా ఉంటుంది." క్లాసులో వాడే గొంతది, చివర్న పైకి లేచేది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

హేసూక్ ముఖం విప్పారింది. అక్కడే, గేటు ముందే, మోకాళ్ల మీద ఒకసారి తట్టి, రెండు చేతులూ కలిపి ఒకసారి కొట్టి, సరిగ్గానే ఉందా అన్నట్టు చూసింది.

బోరమ్ తలూపింది.